అడుగు కనపడని సీసా

మా అత్తయ్యకీ నాకూ క్షణం పడేది కాదు. ఇదేమీ నేను దాచుకునే విషయం కాదు, మా వీధిలో అందరికీ తెలుసు. ఆవిడ పొయ్యికి ఎడమవైపు పెట్టిన గరిటె నేను కుడివైపు పెడితే చాలు, ఆ పూటంతా మా మధ్య మాటల్లేవన్నమాటే. అలాంటిది ఆవిడ పోయాక వచ్చిన ఆ చలికాలమంతా నేను ఆవిడకి భయపడుతూ, ఆవిడ అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని బతికాను. ఆవిడ బతికుండగా ఒక్కనాడైనా భయపడ్డ పాపాన పోలేదు. అదీ తమాషా.

మాది చిన్న బేకరీ. ముందు దుకాణం, వెనక వంటగది, పైన రెండు గదులు. పొయ్యి దగ్గర మా ఆయన, గల్లా దగ్గర నేను. కానీ జనం మా గుమ్మం ఎక్కేది మా మొహాలు చూసి కాదు, అత్తయ్య కలిపే లావెండర్ పాల కోసం. చలిగాలి తగిలిందంటే సాయంత్రాలు నిలబడడానికి చోటుండేది కాదు. ఒక చేతిలో ఆ పాల కప్పు, రెండో చేతిలో అంచులు మాత్రం ఎర్రగా కాలిన లావెండర్ బిస్కెట్టు పట్టుకుని, కప్పు ఆవిరిలో ముక్కు పెట్టి కళ్ళు మూసుకునేవాళ్ళు. డబ్బులిచ్చి మరీ నిద్రపోవడానికి వస్తారేమిటి వీళ్ళు అని నేను విసుక్కునేదాన్ని.

వాటన్నిటికీ మూలం వంటగది గూట్లో ఉండే వెడల్పు మూతి గాజు సీసా. అందులో పంచదార ఒక వరస, ఎండు లావెండర్ పువ్వు పల్చగా ఒక వరస, మళ్ళీ పంచదార. మూతికి గుడ్డ కప్పి దారం చుట్టి పెడితే, కొన్నాళ్ళకి ఆ వాసనంతా పంచదారకి పడుతుంది. ఆ పంచదార జల్లించి పాలలోకీ, వెన్నలోకీ వాడడమే. "పువ్వు పంటికి తగలకూడదు, గొంతు దిగాక గుర్తుకు రావాలి," అనేది అత్తయ్య. చిటికెడు ఎక్కువైందా, సబ్బు నాకినట్టే ఉంటుంది.

ఆ సీసా అడుగు ఎప్పుడూ కనపడకూడదని ఆవిడ నియమం. సగానికి దిగేలోపే మళ్ళీ నింపెయ్యాలి. "దుకాణం తెరిచిన రోజు పోసింది ఇంకా అడుగున నాలుగు పలుకులైనా ఉంటుందే అమ్మాయ్. కొత్తగా పడ్డదానికి అదే అన్నీ చెప్తుంది," అనేది. పంచదార పంతులమ్మ అయిందా అని నేను నవ్వేదాన్ని. ఆ దారానికి కూడా ఆవిడ ముడి వేసేది కాదు. చుట్టూ తిప్పి తిప్పి, కొసని ఎలాగో లోపలికి దోపేది. ఒక్క లాగు లాగితే ఊడొచ్చేది, లాగకపోతే ఎన్నాళ్ళయినా కదిలేది కాదు. నేను దోపితే మాత్రం జారిపోయేది. "నీ వల్ల కాదులే, ముడేసుకో," అని మూతి తిప్పేది.

వానలు వెనకబట్టే రోజుల్లో ఆవిడకి జ్వరం వచ్చింది. ఆసుపత్రికి బయల్దేరే పొద్దున నిలబడే ఓపిక లేక, కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని మరీ ఆ సీసా గొంతుదాకా నింపింది. తిరిగి రాలేదు.

మొదటి చలిగాలికి పక్కవీధి కుట్టుమిషను ఆవిడ వచ్చి, "లావెండర్ పాలు లేవా?" అని అడిగింది. నేను సీసా దించబోయాను. అప్పుడే మామయ్య పైనుంచి దిగివచ్చారు.

"అమ్మాయ్, అది దించకు."

"పాలు అడుగుతున్నారు మామయ్యా."

"లేవని చెప్పు. ఆ సీసా ఇంక అమ్మకానికి కాదు."

కుట్టుమిషను ఆవిడ మామూలు టీ తాగి వెళ్ళిపోయింది. మామయ్య వంటగదిలోకి వచ్చి అత్తయ్య స్టూలు మీద కూర్చున్నారు. ఆయన జీవితమంతా బస్సు కండక్టరు. మా పెళ్ళయిన కొత్తలో నన్ను భోజనానికి పిలవాలన్నా "ముందుకు జరగాలి, ముందుకు జరగాలి" అని కేకేసే మనిషి. అత్తయ్య పోయిన దగ్గర్నుంచి గొంతు పెగల్లేదు.

"నాకు రోజూ సాయంత్రం ఒక కప్పు కలిపివ్వు. చెంచాడు పంచదార చాలు. దాంట్లో మాత్రం ఇంకేమీ పొయ్యొద్దు. ఆవిడ చేత్తో పోసింది ఉన్నంతవరకే."

"అయిపోయాక?"

"అయిపోయాక ఏముంది. నా స్టేజీ వచ్చినట్టే, దిగిపోతాను. ఆవిడ వెనకే వస్తానని మాటిచ్చాను."

రేపు జుట్టు కత్తిరించుకొస్తాను అన్నంత మామూలుగా అన్నారు.

మా ఆయనతో చెబితే, పిండి పిసకడం ఆపకుండా, "దిగులు మీద ఏదో అంటారు. పట్టించుకోకు," అన్నాడు. మా ఆయనకి ప్రపంచంలో పిండి తప్ప ఏదీ పొంగదు. కానీ మామయ్య ఊరికే అనలేదు. తిండి మానేశారు. కంచం ముందు పెడితే రెండు మెతుకులు కెలికి పక్కకి జరిపేవారు. ప్యాంటు నిలవక బెల్టుకి మేకుతో కొత్త చిల్లులు పెట్టుకున్నారు. డాక్టరు వచ్చి చూసి, నన్ను గుమ్మం దాకా తీసుకెళ్ళి, "జబ్బేమీ లేదమ్మా. ఆయనకి ఉండాలని లేదు, అంతే. దానికి నా దగ్గర మందు లేదు," అన్నాడు.

సాయంత్రం చీకటి పడే వేళకి మాత్రం స్టూలు మీదకొచ్చి కూర్చునేవారు. నేను పాలు కాచి, చెంచాడు పంచదార జల్లించి కలిపి ఇచ్చేదాన్ని. మొదటి గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ఆవిడే," అనేవారు. నాకు వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించేది. తిరిగి చూస్తే పిండి డ్రమ్ములు.

పంచదార దిగుతోంది. గాజులో చేతికి తగిలే బుడగ ఒకటుంది, సీసాకి సగంలో. ఒకరోజు చూద్దును కదా, పంచదార బుడగ దాకా వచ్చేసింది. అంటే మనిషి సగం దిగిపోయాడన్నమాట. ఆ సాయంత్రం కప్పు అందిస్తుంటే ఆయన చెయ్యి నా చేతికి తగిలింది. ఎండుపుల్లలా ఉంది. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆవిడ మీదే కోపం. పోతూ పోతూ ఈయన్ని సీసాలో పెట్టి మూతేసి పోయింది కదా అని.

నేను చూస్తూ ఊరుకునే రకాన్ని కాదు. పూలు అమ్మే ఆవిడ దగ్గర గుప్పెడు ఎండు పువ్వు కొని, స్టీలు డబ్బాలో పంచదారతో కలిపి, డ్రమ్ముల వెనక దాచాను. పువ్వు కాస్త ఎక్కువే పడింది, నా చెయ్యి అంతే. రోజూ మామయ్య మధ్యాహ్నం పడుకున్నాక, తీసినంతా తిరిగి పోసేదాన్ని. పంచదార ఎప్పుడూ బుడగకి కిందే ఉండేట్టు చూసుకునేదాన్ని. పూర్తిగా నింపితే దొరికిపోతాను కదా. గుడ్డ కప్పి, నాకొచ్చిన ముడి నేను వేసేదాన్ని.

మొదటిరోజు ఆయన తాగుతుంటే కడిగిన గిన్నే మళ్ళీ కడిగాను. గుక్కెడు తాగారు. కళ్ళు మూసుకున్నారు. "ఆవిడే," అన్నారు. బతికిపోయాను అనుకున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది.

ఒకరోజు సీసా దించి చూస్తే పంచదార బుడగ పైకి వచ్చింది. నా లెక్క తప్పిందేమో అనుకుని ఆ రోజు ఏమీ పొయ్యలేదు. మర్నాడు చూస్తే ఇంకాస్త పైకి.

"మీరేమైనా సీసాలో పోశారా?" అని మా ఆయన్ని అడిగాను.

"నేనెందుకు పోస్తాను? నాన్న వద్దన్నారుగా."

"మరి పెరుగుతోందేమిటండీ?"

"ఎలకలేమో."

"ఎలకలు తింటాయి గానీ, నింపుతాయటండీ?"

"మనింట్లో ఎలకలు మంచివేమో," అని ట్రే పొయ్యిలో తోశాడు. ఆయనతో మాట్లాడడమంటే గోడతో మాట్లాడడమే. గోడయితే కనీసం జోకులెయ్యదు.

ఆ వారంలోనే బిస్కెట్ల డబ్బాలో విరిగినవి మాయమవడం మొదలైంది. మంచివి ఎన్ని ఉండాలో అన్నీ ఉండేవి, విరిగినవి మాత్రం ఉండేవి కావు. ఆ ఇంట్లో విరిగిన బిస్కెట్లు తినేది అత్తయ్య ఒక్కతే. "బాగున్నవి అమ్మకానికి, విరిగినవి నాకు," అనేది. ఒక్కనాడైనా నిండు బిస్కెట్టు తిని ఎరగదు.

అయినా సర్దిచెప్పుకున్నాను. పనిలో పడి ఏదో మర్చిపోతున్నానేమో అనుకున్నాను. ఒక పొద్దున సీసా దించాను. మూతి మీద దారం చూశాను. ముడి లేదు. చుట్టూ తిప్పి తిప్పి, కొస లోపలికి దోపి ఉంది.

ఎక్కడ వదిలేస్తానో అని నేలమీద కూలబడి సీసాని ఒళ్ళో పెట్టుకున్నాను. కొస పట్టుకుని లాగాను. ఒక్క లాగుకి ఊడొచ్చింది. నేను ఎన్నేళ్ళు ప్రయత్నించినా రాని దోపు ఇది, నిన్న సాయంత్రం నేను ముడేసి పెట్టిన దారం ఈ పొద్దుటికి ఇలా ఎలా అయింది? "అత్తయ్యా, నా మీద కోపమా?" అన్నాను పైకే. నాలో నేను అనుకోబోయి నోరు జారాను. పొయ్యిలో బొగ్గు చిటపటమంది.

అప్పట్నుంచి వంటగదిలో ఒక్కదాన్నే ఉండాల్సి వస్తే వెనక తలుపు తెరిచి పెట్టుకునేదాన్ని. అయినా తీసినంతా తిరిగి పొయ్యడం మాత్రం మానలేదు. గరిటె ఎడమవైపే పెట్టడం మొదలెట్టాను. మా ఆయన అది చూసి నవ్వాడు గానీ, నేను నవ్వలేదు.

పూలావిడ మళ్ళీ వచ్చింది. ఆవిడ ఎక్కడో దూరం నుంచి సంచీ భుజాన వేసుకుని, చలికాలంలో మాత్రమే తిరుగుతుంది. నేను వీధిలోకి వెళ్ళి పట్టుకున్నాను.

"మళ్ళీనా? మొన్ననే కదమ్మా మీ ఇంటికిచ్చాను. సబ్బులు చేస్తున్నారా ఏంటి?"

"మొన్న నేను తీసుకోలేదే?"

"నువ్వు కాదమ్మా, మీ అత్తగారు. వెనక సందులోంచి వెళ్తుంటే కిటికీలోంచి చెయ్యి చాపింది. ఆ బూడిదరంగు శాలువాలో. పొట్లం అందుకుని లోపలికి పోయింది. ఒక్క మాటా మాట్లాడలేదు. ఒంట్లో బాలేదా ఏమిటి?"

ఆవిడ నా మొహంలోకి చూసి, "ఏమైందమ్మా?" అంది.

"మా అత్తయ్య వానాకాలంలోనే పోయిందండీ."

పూలావిడ సంచీ భుజం మీంచి జారింది. తరవాత ఆవిడ ఒక పొట్లం నా చేతిలో పెట్టి, డబ్బులిస్తుంటే వద్దంది. మా సందు వైపు చూడకుండా, వచ్చిన దారినే గబగబా వెళ్ళిపోయింది.

ఆ శాలువా పైన, మామయ్య గదిలో, అత్తయ్య పెట్టెలో ఉంటుంది. మామయ్య గుమ్మం ముందు ఎండకి కూర్చున్నప్పుడు వెళ్ళి పెట్టె తెరిచాను. మడత మడతగానే ఉంది. ఊపిరి పీల్చుకుని చేత్తో తడిమాను. అంచు కుచ్చుల్లో చిక్కుకుని ఊదారంగు రేకు ఒకటి. ఇంకా నలిగిపోని కొత్త పువ్వు.

పెట్టె మూసి, మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆవిడ వస్తోంది. సీసా నింపుతోంది. ఎందుకొస్తోంది? మొగుణ్ణి ఉండమని చెప్పడానికా, తీసుకుపోవడానికా? అదొక్కటే నా భయం. ఆయన పోతే ఆ ఇంట్లో నన్ను "అమ్మాయ్" అని పిలిచేవాళ్ళెవరూ ఉండరు.

రెండు రోజుల తరవాత, మధ్యాహ్నం దుకాణం మూసి, మా ఆయన పైన కునుకు తీస్తుంటే పిండి మరకి బయల్దేరాను. సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది, గోనెసంచి మర్చిపోయానని. ముందు తలుపు తాళం తియ్యడం ఎందుకులే అని వెనక సందులోంచి వచ్చాను. కిటికీ అద్దం ఆవిరికి మసకబారి ఉంది.

లోపల ఆవిడ ఉంది.

బూడిదరంగు శాలువా తలమీదుగా కప్పుకుని, గూటి ముందు కాస్త వంగి నిలబడింది. అదే వంపు. సీసా మూత తీసి ఉంది. చెంచాతో మెల్లగా పోస్తోంది. పారిపోదామనుకున్నాను, నిజం. కానీ కాళ్ళు తలుపు వైపే నడిచాయి. ఎలాగూ వచ్చింది, అడిగేద్దాం, ఆయన్ని వదిలెయ్యమని కాళ్ళు పట్టుకుని అయినా అడిగేద్దాం అనుకున్నాను. వెనక తలుపు తోశాను.

"అత్తయ్యా!" అన్నాను.

శాలువా ఇటు తిరిగింది. లోపల మామయ్య మొహం.

చేతిలో చెంచా. మూతి చివర బిస్కెట్టు పొడి. దొంగతనంగా తింటూ దొరికిపోయిన పిల్లాడి మొహం. పాలగిన్నె మీద మూత చిన్నగా టకటకమంటోంది.

"చూసేశావా," అన్నారు.

"ఏంటి మామయ్యా ఇది?"

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. శాలువా కుచ్చులు వేళ్ళకి చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా మాట్లాడారు.

"దిగిపోతానన్నాను కదా. ఆవిడకి మాటిచ్చాను కదా. అప్పుడు నిజంగానే అనుకున్నానమ్మా. కానీ ఆ పంచదార సగానికి వచ్చేసరికి... నాకు పోవాలని లేదు అమ్మాయ్. ఎంత సిగ్గులేని ముసలాణ్ణో చూడు. ఆవిడ పోయింది, నాకేమో ఆకలేస్తోంది. పొద్దున ఆ బిస్కెట్ల వాసన వస్తుంటే ఆగలేకపోయాను. మంచివి తీస్తే తెలిసిపోతుందని విరిగినవి తిన్నాను."

నేను ఆయన ముందు కింద కూర్చున్నాను. ఏడుస్తున్నానని నాకప్పుడు తెలియలేదు.

"మరి ఈ శాలువా ఎందుకు మామయ్యా?"

"నా చేత్తో పొయ్యాలంటే భయమేసింది. ఇది కప్పుకుంటే ఆవిడ పోసినట్టే ఉంటుందని." గొంతు తగ్గించి, "మీ అత్తయ్యకి చెప్పకు," అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియక తలూపాను. ఆయన లేచి, గుడ్డ కప్పి, దారం చుట్టడం మొదలుపెట్టారు. దారం ఎక్కడా తడబడలేదు. చుట్టూ తిప్పి తిప్పి, కొస లోపలికి దోపారు.

"అది అత్తయ్య వేసేది కదా."

"నేనే నేర్పాను. టికెట్ల కట్టలకి ఇలాగే చుట్టేవాళ్ళం. కదిలే బస్సులో ముడి విప్పుతూ కూర్చుంటే స్టేజీ దాటిపోదూ?" అని సీసాని రెండు చేతులతో వెలుతురు కేసి ఎత్తారు. పంచదార బుడగకి పైనే ఉంది. అది చూస్తుంటే ఆయన మొహం మారిపోయింది.

"ఒక్కటి మాత్రం నాకు అర్థం కావడం లేదమ్మా. నేను పోసేది ఎప్పుడో ఒకసారి, చెంచాడే. అంతకన్నా ధైర్యం చాలదు. కానీ చూడు ఎక్కడిదాకా ఉందో. నేను పొయ్యని రోజున కూడా దిగడం లేదు. నువ్వు పొయ్యవు, నాకు తెలుసు. మీ అత్తయ్య ఎప్పుడూ అనేది, ఆ పిల్ల మొండిదే గానీ ఒకసారి వద్దంటే ఇంక చెయ్యదు, మాటంటే మాటే దానికి అని. వాడికా, పిండి తప్ప ఏదీ పట్టదు." సీసా ఒళ్ళో పెట్టుకున్నారు. "మరి ఎవరు పోస్తున్నట్టు? ఆవిడే కదూ? నన్ను ఉండమంటోంది కదూ?"

ఆవిడ నా గురించి ఆ మాట అనేదని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక్కసారి నా ఎదుట అని ఉంటే ఏం పోయేది? పూలావిడ ఇచ్చిన పువ్వు అప్పటికే పంచదారలో కలిపేశాను. స్టీలు డబ్బా మా వెనక, డ్రమ్ముల చాటున ఉంది. ఆయన నా కళ్ళలోకి చూస్తున్నారు, డాక్టరు లేదన్న మందు నా దగ్గర ఉన్నట్టు.

"ఆవిడే మామయ్యా," అన్నాను. "ఇంకెవరు?"

ఆయన తల వంచుకుని, శాలువా అంచుతో కళ్ళు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. తరవాత గొంతు సవరించుకుని, "పాలు కలుపు. పువ్వు కాస్త ఎక్కువేస్తోంది ఈ మధ్య, పైకెళ్ళాక చెయ్యి తప్పినట్టుంది. సబ్బులా ఉంది. తాగుతున్నాలే, ఏమీ అనకు," అన్నారు. నేను పాలగిన్నె వైపు వెళ్ళబోతుంటే మళ్ళీ పిలిచారు.

"అమ్మాయ్, ఒక బిస్కెట్టు కూడా ఇయ్యి. ఈసారి విరగనిది."

చలి తగ్గేసరికి బెల్టుకి మేకు చిల్లులు అక్కర్లేకపోయాయి. "ముందుకు జరగాలి" అన్న కేక మళ్ళీ మెట్ల మీంచి వినపడింది. కుట్టుమిషను ఆవిడకి మళ్ళీ లావెండర్ పాలు కలిపిచ్చాం. ఆ పంచదార వేరే సీసాలోది.

ఆ మధ్యాహ్నం నుంచి మా ఇంట్లో దెయ్యం నేనే. పాత సీసాలో మామయ్య ఎప్పుడైనా ధైర్యం చేసి ఒక చెంచాడు పోస్తారు. మిగతాది ఆయన పడుకున్నాక నేను పోస్తాను, పువ్వు తగ్గించి, ఆవిడ వేసినంతే. దారం సంగతి చాలా రోజులు పట్టింది. ఆయన చూడకుండా కేకు పెట్టెలకి చుట్టి చుట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు నేనూ ముడెయ్యను. చుట్టూ తిప్పి, కొస లోపలికి దోపుతాను. జారదు.